గడిలో గది

మా కోడలు కిటికీ వైపు చూస్తే ఆవిడకి కిటికీ కనబడదు. నిలువు మూడు, అడ్డం రెండు, మధ్యలో ఇంత సందు, అంతే కనబడుతుంది. బస్సు అద్దాలు, మందుల కొట్టు అరలు, ఎదురు డాబా మీద ఆరేసిన దుప్పట్లు, అన్నీ ఆవిడకి గళ్ళే. ఒకసారి నాతో రోడ్డు దాటుతూ సగంలో ఆగిపోయి, ఎదురుగా ఉన్న ఎనిమిదంతస్తుల భవనాన్ని తల పక్కకి వాల్చి చూస్తూ నిలబడింది.

"ఏమిటమ్మా?" అన్నాను.

"ఆ బిల్డింగ్ సన్నబడిపోయిందనుకోండి మామయ్యా, ఆ కిటికీలన్నీ ఎక్కడికి పోతాయి?"

వెనకాల లారీవాడు మమ్మల్ని ఎక్కడికి పంపాలనుకుంటున్నాడో హారన్‌తో చెబుతూనే ఉన్నాడు.

ఇది పిచ్చి కాదు, ఆవిడ ఉద్యోగం. వెబ్‌సైట్లలో ఏ బొమ్మ ఎక్కడ కూర్చోవాలో, ఏ మాట ఎంత దూరం జరగాలో ఆవిడ నిర్ణయిస్తుంది. పెద్ద కంప్యూటర్ మీద నాలుగేసి చొప్పున నిలబడ్డ బొమ్మలు, ఫోన్‌లోకి వచ్చేసరికి ఒకదాని కింద ఒకటి ఒద్దికగా దిగిపోవాలి. అలా దిగమని చెప్పే భాష సీఎస్ఎస్. దానితో చిక్కేమిటంటే, చెప్పిందే వందసార్లు చెప్పాలి. అందుకని తెలివైనవాళ్ళు సాస్ అనే ఇంకో భాషలో ఒక్కసారి రాసుకుని, దానికో పేరు పెట్టి, కావలసిన చోటల్లా ఆ పేరు పిలుస్తారు. సాస్ దాన్ని విప్పి వందసార్లూ తానే రాసిపెడుతుంది. అలా పేరు పెట్టి దాచుకున్న ముక్కని మిక్సిన్ అంటారు.

ఇదంతా ఆరేళ్ళ కిందట మా ఇంట్లో ఎవరికీ తెలియదు. "సాస్‌లో మిక్సిన్ రాస్తున్నానత్తయ్యా, పది నిమిషాల్లో వస్తా" అని గదిలోంచి కేక వేస్తే, మా ఆవిడ వంటింట్లోంచి, "రాయడమెందుకే, మిక్సీ ఇక్కడే ఉంది, వచ్చి వేసుకో" అని జవాబిచ్చింది. నేను ఊరుకోవచ్చు కదా. లిఫ్టులో కలిసిన నాలుగో అంతస్తు ఆవిడతో, మా కోడలు మిక్సీల్లో పెద్ద నిపుణురాలని, ఆవిడ చెయ్యి పడితే పాతికేళ్ళ మిక్సీ కూడా పాట పాడుతుందని చెప్పాను. మర్నాడు పొద్దున్నే ఆవిడ మిక్సీ జార్ పట్టుకుని గుమ్మంలో నిలబడింది. కోడలు నా వైపు ఒక్క చూపు చూసి, జార్ అందుకుని, మూత తిప్పి, "రబ్బరు తిరగేసి పెట్టారండీ" అంది. బాగుపడిపోయింది. ఆ తర్వాత మా గుమ్మంలోకి ఎన్ని జార్లు వచ్చాయో చెబితే మీరు నమ్మరు కాబట్టి చెప్పను.

కోడలి నాన్నకి ఫోటో స్టూడియో ఉండేది. తొమ్మిదేళ్ళప్పుడే ఈ పిల్ల ఆయన పక్కన బల్ల మీద కూర్చుని, ఆల్బంల నల్ల కాగితాల మీద ఫోటోలు పేర్చేదట. ఒక పేజీలో మూడు ఫోటోలు ఎలా కూర్చోవాలి, అదే పేజీలో ఐదు ఇరికించాలంటే ఎవరు జరగాలి, ఇదే ఆవిడ ఆట. ఆవిడ పేర్చిన పేజీల్లో గ్రూపు ఫోటోల్లోవాళ్ళు కూడా కాస్త సర్దుకుని కూర్చునేవారని మా వియ్యంకుడు చెబుతాడు. నేను నమ్మాను. నేను చెప్పేవి ఆయన నమ్ముతాడు, మా వియ్యానికి అదే పునాది. తర్వాత అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చి, స్టూడియో మూతపడింది. పిల్లకి మాత్రం పేర్చే అలవాటు పోలేదు. నల్ల కాగితం నుంచి తెల్ల స్క్రీన్ మీదకి మారిందంతే.

పరుపుల కొట్టు పైన నడిచే ఒక చిన్న ఆఫీసులో చేరి, ఆరేళ్ళు కష్టపడి ఒకే ఒక్క ఫైలు రాసుకుంది. దాని పేరు అల్లిక. అందులో ఉన్నవి నాలుగు మిక్సిన్‌లు. వరుస అంటే బొమ్మల్ని ఎన్నేసి చొప్పున నిలబెట్టాలో చెప్పేది. గడి అంటే ఒక్కో బొమ్మకి ఎంత చోటో చెప్పేది. సందు వాటి మధ్య ఖాళీ. మలుపు అంటే స్క్రీన్ ఏ వెడల్పు దగ్గర సన్నబడితే అమరిక మారాలో చెప్పేది. తెలుగు పేర్లెందుకని అడిగాను. "ఇంగ్లీషు పేర్లు అందరూ పెట్టేశారు మామయ్యా. ఎవరిదో ఫైలు తెచ్చి పక్కన పెట్టగానే, ఒకటే పేరున్నవి రెండూ కొట్టుకుంటాయి. వరుస, సందు అని ఎవరు పెడతారు?" అంది. పేర్లు తెలుగే కానీ రాసేది ఇంగ్లీషు అక్షరాల్లో. ఆ సంగతి దగ్గరికి వస్తున్నాను.

ఆ ఫైలు పని చేస్తుంటే చూడటం నాకిష్టం. సెలవు రోజు మధ్యాహ్నం ఆవిడ బల్ల పక్కన వాలు కుర్చీ వేసుకునేవాణ్ణి. ఆవిడ మౌస్‌తో పేజీ అంచు పట్టుకుని మెల్లిగా లోపలికి లాగేది. నాలుగేసి ఉన్న బొమ్మలు కాస్త ఇరుకు పడేవి, ఊపిరి బిగబట్టేవి, ఉన్నట్టుండి మూడేసి అయిపోయేవి. ఇంకా లాగితే రెండేసి. చివరికి ఒక్కొక్కటే, నీళ్ళలో వేసిన గులకరాళ్ళు అడుక్కి చేరినట్టు, చప్పుడు లేకుండా దిగేవి. అంచు వదిలితే మళ్ళీ తేలేవి. అలా చూస్తూ చూస్తూ నేనెన్నిసార్లు నిద్రలోకి జారానో. నిద్రలో కూడా బొమ్మలు దిగుతూనే ఉండేవి.

ఆరేళ్ళలో పదకొండు వెబ్‌సైట్లు ఆ ఒక్క ఫైలు మీదే నిలబడ్డాయి. ఆవిడ దానిలో ఎక్కడా వివరణ రాయలేదు. "పేరే చెబుతోందిగా" అనేది.

అలా ఉండగా మా కూతురు చిట్టి అదే ఆఫీసులో చేరింది. చిట్టి నడిచిన చోట గాలి వీస్తుంది, అంత తొందర మనిషి. వదినా ఆడపడుచూ ఒకే ఆఫీసులో, పక్కపక్క బల్లల దగ్గర. మా ఆవిడ దణ్ణం పెట్టుకుంది. నేను పేపరు మడిచి పక్కన పెట్టి, చూడ్డానికి సిద్ధమయ్యాను.

చిట్టికి ఇచ్చిన మొదటి పని ఒక మ్యూజియం వెబ్‌సైటు. శంఖాలూ గవ్వలూ మాత్రమే దాచిన మ్యూజియం. మూడు వేల ఫోటోలు. పేజీ నడుమ ఒక పెద్ద శంఖం, దాని కింద మిగతావాటి వరుసలు, పక్కన సన్నటి పట్టీలో 'ఇలాంటివే మరికొన్ని' అని చిన్న శంఖాలు. చిట్టి వదినగారి ఫైలు దించుకుని, మూడు వారాల్లో అంతా అమర్చేసింది. ఫోన్‌లో చూస్తే ముచ్చటగా ఉంది. గురువారం మధ్యాహ్నం ఆఫీసు నడిపే మేడం గోడకున్న పెద్ద స్క్రీన్ మీద తెరిచింది. అక్కడ జరిగింది ఇద్దరూ ఇంటికొచ్చి చెరో రకంగా చెప్పారు. రెండూ కలిపి నేను చెబుతున్నాను.

నడుమ పెద్ద శంఖమూ, దాని కింద వరుసలూ దర్జాగా ఉన్నాయి. పక్క పట్టీ నాలుగు వేళ్ళంత వెడల్పు. అందులో నాలుగేసి శంఖాలు ఒకదాన్నొకటి తోసుకుంటూ నిలబడ్డాయి.

"ఇవి శంఖాలా, ఆవాలా?" అంది మేడం.

చిట్టి వదిన వైపు చూసింది. వదిన స్క్రీన్ వైపు చూసింది.

"ఫోన్‌లో బాగానే ఉన్నాయి మేడం" అంది చిట్టి.

"మ్యూజియం హాల్లో ఉండేది ఫోన్ కాదు, దీనికంటే పెద్ద స్క్రీన్. సోమవారం వాళ్ళు వస్తున్నారు. అప్పటికి సరైతే సరే. లేదంటే అల్లిక పక్కన పెట్టేద్దాం. బయట రెడీమేడ్ గ్రిడ్‌లు బోలెడున్నాయి, ఒకటి దించుకుని అన్నిటికీ అదే వాడదాం."

"అన్నిటికీనా మేడం?"

"అన్నిటికీ. పదకొండుకీ."

ఫైలు పోయినంత మాత్రాన కోడలి ఉద్యోగం పోదు. కాకపోతే మర్నాటి నుంచి ఎవరో చేసిన పెట్టెల్లో బొమ్మలు పడేస్తూ కూర్చోవాలి. ఆరేళ్ళ పని, తొమ్మిదేళ్ళ వయసు నాటి ఆట, రెండూ సోమవారంతో సరి. ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండా సోఫాలో కూర్చుండిపోయింది. చిట్టి ఎదురుగా కింద కూర్చుంది.

"నా ఫైల్లో ఆరేళ్ళుగా ఇలా ఎప్పుడూ జరగలేదు" అంది కోడలు. "అసలు గడిలో వరుస ఎందుకు పెట్టావు?"

"పెట్టుకోడానికే కదా గది?"

"గదేంటి? గడి."

"అదే, గది."

"గడి, చిట్టీ! గళ్ళ చొక్కా ఉంటుంది చూడు, ఆ గడి. ఒక బొమ్మ పట్టే చోటు. అందులో ఇంకేం పెట్టకూడదు."

"జి, ఏ, డి, ఐ. గది కదా వదినా! నేను మూడు వారాలుగా గది అనే చదువుకుంటున్నాను. పక్క పట్టీ ఒక గది, నడిమిది ఇంకో గది, గదుల్లో వరుసలు... ఎంత బాగా పేర్లు పెట్టింది మా వదిన అని మెచ్చుకున్నాను కూడా."

"మెచ్చుకుని నా కొంప ముంచావు."

"పైన ఒక్క ముక్క రాయొచ్చుగా, ఇది గడి, మా ఆడపడుచు లోపలికి రాకూడదు అని!"

ఇంగ్లీషు అక్షరాలకి మన డ, ద రెండూ ఒకటే. నాకు ఆ బాధ కొత్త కాదు. మా కాన్వెంటులో తెలుగుని కూడా ఇంగ్లీషు అక్షరాల్లోనే రాయించే ఒక సిస్టర్ ఉండేది. మెట్ల మీంచి పడి బడికి రాలేకపోయానని నేనిచ్చిన సెలవు చీటీలో 'పడి'ని 'పది' అని చదివి, పది మెట్లు దిగడానికి రోజంతా పట్టిందా అని నన్ను గోడ వైపు తిప్పి నిలబెట్టింది. ఈ సంగతి చెబితే ఇద్దరికీ నవ్వొచ్చింది. మా ఆవిడ మాత్రం, "తెలుగులోనే రాసుకుంటే పోయేదిగా" అంది.

"కంప్యూటర్ ఒప్పుకుంటుందత్తయ్యా, మా ఆఫీసు కీబోర్డులే ఒప్పుకోవు" అని నవ్వుతూ నవ్వుతూ, కోడలు సగంలో ఆగిపోయింది. రోడ్డు మధ్యలో ఆగినట్టే.

"గదైతే..." అంది.

"గదైతే ఏమిటి?"

"గదైతే దానికి తన వెడల్పు తెలియాలి కదా. నా వరుస అడిగేది స్క్రీన్ ఎంతుందని. గోడంత స్క్రీన్ కనబడేసరికి, పోనీలే చోటు బోలెడుందని నాలుగేసి నిలబెట్టేసింది. అది కూర్చున్న పట్టీ నాలుగు వేళ్ళే అని దానికి తెలియదు."

"ఊరి వైశాల్యం చూసి ఇంట్లో మంచం చేయించినట్టు" అన్నాను.

"అంతే మామయ్యా. నేనెప్పుడూ గడిలో ఏమీ పెట్టలేదు కాబట్టి ఆరేళ్ళుగా బయటపడలేదు."

శుక్రవారం ఆఫీసు పనిలో పోయింది. శనివారం మధ్యాహ్నం ఇద్దరూ మా ఇంట్లో కూర్చున్నారు. బయట ఎండ మెత్తగా ఉంది, కర్టెన్ కాస్త లేచి కాస్త వాలుతోంది. చిట్టి చాప మీద వెల్లకిలా పడుకుని పైకప్పుని చూస్తోంది. మా ఇంట్లో తొందర మనిషి అలా పడుకోవడం నేనదే మొదటిసారి చూడటం. కోడలు బల్ల దగ్గర. నేను వాలు కుర్చీలో, సగం మెలకువలో.

స్క్రీన్‌ని కాకుండా చుట్టూ ఉన్న చోటుని కొలిచే పద్ధతి సీఎస్ఎస్‌లో ఉంది. ముందు ఒక పెట్టెకి 'నిన్ను కొలవబోతున్నాం' అని చెప్పి ఉంచాలి. తర్వాత దాని వెడల్పు అడగాలి. కోడలు ఆ రెండూ గడి మిక్సిన్‌లోనే పెట్టింది. నిన్ను కొలుస్తాం అని గడికే చెప్పింది, నువ్వెంత అని గడినే అడిగింది, దాన్ని బట్టి మారమని కూడా గడికే చెప్పింది. పేజీ తెరిస్తే శంఖాలన్నీ ఒకదాని కింద ఒకటి, పెద్ద హాలు లాంటి నడిమి భాగంలో కూడా, సన్నటి గొలుసులా వేలాడాయి. మలుపులు మార్చింది. సందు తగ్గించింది. గొలుసు కదల్లేదు. రెండు గంటలు గడిచాయి. ఆవిడ వేళ్ళ చప్పుడు తగ్గుతూ వచ్చి, ఆగిపోయింది.

నాకు కళ్ళు మూతలు పడ్డాయి. కలలో నేను మా ఇంట్లోనే నడుస్తున్నాను. ప్రతి తలుపు వెనకా ఒక గది, ఆ గదిలో ఇంకో చిన్న తలుపు, దాని వెనక ఇంకో గది. శంఖాలు గోడల వెంబడే బారులు తీరి, లోపలికి పోతూ పోతూ, ప్రతి గుమ్మం దగ్గరా ఆగి ఒకదాన్నొకటి ఏదో గుసగుసగా అడుగుతున్నాయి. ఏమడుగుతున్నాయో వినాలని నేను వంగాను.

"గదిని అడిగితే ఏం చెబుతుంది వదినా?" అంది చిట్టి. ఆ మాటకి మెలకువ వచ్చింది. చాప మీంచి లేవలేదు, పైకప్పు వైపే చూస్తూ అంది. "ఇరుగ్గా ఉందో లేదో గదికేం తెలుసు? లోపల ఉన్నవాళ్ళకి తెలుస్తుంది. ఇదిగో, నా కాలు సోఫాకి తగులుతోంది, ఇరుకని నేను చెబుతున్నాను. గది చెబుతోందా?"

కోడలు కుర్చీ తిప్పింది. "మళ్ళీ చెప్పు."

"కాలు తగులుతోందన్నాను."

"అది కాదే!"

మళ్ళీ చెప్పనవసరం లేకపోయింది. కొలవబోతున్నామన్న మాట ఒక్కటే గడిలో ఉంచింది. అడగడమూ, మారడమూ తీసి వరుసలో పెట్టింది. అంటే గది ఊరికే గదిగా ఉంటుంది, లోపల నిలబడ్డ వరుసే చుట్టూ చూసి, నాకెంత చోటిచ్చారు అని అడిగి, దానికి తగ్గట్టు సర్దుకుంటుంది. ఫైలు సేవ్ చేసింది. నడిమి భాగంలో గొలుసు విడిపోయి, శంఖాలు మెల్లిగా నాలుగేసి అయ్యాయి. పక్క పట్టీలో ఒక్కొక్కటే, నిండుగా, ఒళ్ళు విరుచుకున్నట్టు దిగాయి. రెండూ ఒకే స్క్రీన్ మీద, ఒకే మాటతో. ఎవరి గదికి తగ్గట్టు వాళ్ళు.

కోడలు పట్టీ అంచు పట్టుకుని లాగుతోంది, వదులుతోంది, లాగుతోంది.

ఆదివారం పొద్దున్న ఇంకో చిక్కు బయటపడింది. పాత వెబ్‌సైట్లు పదకొండింట్లోనూ బొమ్మలన్నీ గొలుసులై వేలాడుతున్నాయి. వాటిలో వరుసల చుట్టూ గదులే లేవు. చోటెంత అని అడిగితే జవాబు చెప్పేవాళ్ళు లేక, వీధిలో నిలబడ్డవాళ్ళలా ఉండిపోయాయి. "పేజీనే ఒక గది చేసేస్తే?" అంది కోడలు తనలో తాను. చేసింది. ఒక్కొక్క వెబ్‌సైటూ తెరిచి, లాగి, వదిలి, చూసుకుంది. పదకొండోది సరిగ్గా నిలబడేసరికి, మా ఆవిడ పెట్టిన కాఫీ మూడోసారి చల్లారింది.

సోమవారం మ్యూజియం నుంచి ఇద్దరు వచ్చారు. వాళ్ళలో పెద్దాయన నలభై ఏళ్ళుగా శంఖాలు తుడిచిన మనిషి. గోడ మీది స్క్రీన్ దగ్గరికి వెళ్ళి, పక్క పట్టీలో ఉన్న చిన్న గవ్వని చూసి, "దీని మీద చుక్కలు కూడా కనబడుతున్నాయే" అన్నాడట. వాళ్ళు వెళ్ళాక మేడం కోడలిని పిలిచింది.

"అల్లిక ఉంటుంది. కానీ ఒక మాట. ఒక్క పేరు చదవడంలో పొరపాటైతే మొత్తం ఆగింది, ఒక్క పొరపాటుతోనే మొత్తం బాగుపడింది. అంటే ఇంతకాలం అది ఒక్కరి చేతిలోనే ఉండిపోయింది. ఇక నుంచి అది అందరి ఫైలు. ఆఫీసులో ఎవరైనా అందులో రాస్తారు."

"ఎవరైనానా మేడం?"

"మీ ఆడపడుచు కూడా."

ఫైలు ఉండాలనే కదా కోరుకుంది, ఉంది. అయినా కోడలు రెండు రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. బల్ల దగ్గర కూర్చుని అంచులు లాగలేదు. "వదినకి నా మీద కోపమా నాన్నా?" అని చిట్టి అడిగింది. "నీ మీద కాదమ్మా, తలుపు తీసిపెట్టమన్నందుకు" అన్నాను. గడి పేరు మార్చేద్దామా అని చిట్టి వెళ్ళి అడిగితే, "వద్దు, ఇప్పుడది రెండూను" అందట. అదే మాట పైన ఒక ముక్కగా రాసిపెట్టిందట కూడా, ఆరేళ్ళలో మొదటి వివరణ.

ఆ తర్వాత మూడో వారంలో, శనివారం మధ్యాహ్నం, నేను వాలు కుర్చీలో ఉండగా, ఆవిడ అల్లిక తెరిచింది. ఫైలు చివర ఒక కొత్త మిక్సిన్ ఉంది. ఆవిడ రాసింది కాదు. పేరు ఎమ్, ఈ, రెండు టీలు, యూ. పైన వివరణ లేదు.

"మామయ్యా, ఇది మెట్టా, మెత్తా?"

"రాసినవాళ్ళని అడుగు."

ఫోన్ చేతిలోకి తీసుకుంది. ఒక్క క్షణం ఆగి, పక్కన పెట్టేసింది. శంఖాల పేజీ తెరిచి, వరుస పక్కన ఆ కొత్త పేరు చేర్చి, పేజీ అంచు పట్టుకుని లాగింది. శంఖాలు ఒకదాని కంటే ఒకటి కాస్త కిందుగా జరిగి, ఎడమ నుంచి కుడికి మెల్లగా దిగాయి, ఎవరో కనబడని మనిషి వాటి మీద అడుగులు వేసుకుంటూ నీళ్ళలోకి నడిచి వెళ్తున్నట్టు.

"మెట్టు" అంది కోడలు, చాలా నెమ్మదిగా. అంచు వదిలింది. మళ్ళీ లాగింది.